దారి ఎలా ఉందో రాసిపెట్టిన మనిషి

సెలవుల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లాలనుకుంటే మీరు ముందుగా చేసే పనేంటి? ఫోన్‌లో మ్యాప్ తెరుస్తారు. ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఎత్తు, ఎన్ని గంటల నడక అన్నది చూసుకుంటారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ దారి ఎక్కడుందో చెప్పే మ్యాప్, ఆ దారి ఇవాళ ఎలా ఉందో చెప్పదు. మధ్యలో ఉన్న కుంటలో నీళ్లున్నాయా, ఎండిపోయాయా? నిన్నటి వానకు బాట కోసుకుపోయిందా? వెళ్లేది హిమాలయాలకైతే, కనుమ మీద మంచు కరిగిందా, ఇంకా మోకాలి లోతు ఉందా? ప్రాణం మీదికి తెచ్చేవి ఈ రెండో రకం ప్రశ్నలే.

ఇలాంటి ప్రశ్నలకు ఊరూరా జవాబులు వెతికి, వాటిని కాగితం మీద పెట్టిన తెలుగాయన ఒకరున్నారు. దాదాపు 200 ఏళ్ల కిందట, మండు వేసవిలో, సుమారు వంద మందిని వెంటబెట్టుకుని కడప, కర్నూలు సీమల మీదుగా నల్లమల ఎక్కి దిగి కాశీ దాకా వెళ్లొచ్చారు. పేరు ఏనుగుల వీరాస్వామయ్య. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆయన మీకు ఒక్క లైనులో కనిపిస్తారు: తెలుగులో తొలి యాత్రాచరిత్రగా పేరొందిన కాశీయాత్ర చరిత్ర రచయిత. బిట్టు కోసం ఆ ఒక్క లైను చాలు. కానీ ఆయన పని చేసిన తీరు తెలుసుకుంటే బిట్టు కంటే ఎక్కువే దక్కుతుంది.

భాషే పెట్టుబడి

వీరాస్వామయ్య 1780 ప్రాంతంలో పుట్టారు. పెరిగింది, ఉద్యోగం చేసింది చెన్నపట్నంలో. చిన్నతనంలోనే తండ్రి పోయారు. చదువుకోవడానికి ఇప్పట్లా కాలేజీలు, కోచింగులు లేవు. ఈస్టిండియా కంపెనీ పాలన అప్పుడప్పుడే ఊళ్లలో వేళ్లూనుకుంటోంది. దొరలకు ఇక్కడి భాషలు రావు, ఇక్కడివాళ్లకు ఇంగ్లీషు రాదు. ఆ ఖాళీలోనే ఒక ఉద్యోగం ఉందని పసిగట్టిన కుర్రాళ్లలో ఆయన ఒకరు. చిన్న వయసులోనే ఇంగ్లీషు పట్టు సాధించారు. తెలుగు, తమిళం, సంస్కృతం సరేసరి. చిన్న ఉద్యోగాలతో మొదలుపెట్టి, చివరికి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా స్థిరపడ్డారు. దుబాసీ అంటే ఇప్పటి మాటల్లో ఇంటర్‌ప్రెటర్.

ఈ ఉద్యోగాన్ని తేలిగ్గా తీసుకోకండి. సాక్షి తెలుగులోనో తమిళంలోనో చెప్పేది జడ్జికి ఇంగ్లీషులో అందించాలి. ఒక్క మాట పెంచినా, తగ్గించినా ఒకరి ఆస్తి పోవచ్చు, ఒకరు జైలుకు పోవచ్చు. విన్నది విన్నట్టు చెప్పాలి. ఊహను ఊహగా, చూసినదాన్ని చూసినదిగా విడదీయాలి. ఏళ్ల తరబడి కోర్టులో అలవడే క్రమశిక్షణ ఇది. తర్వాత కొండదారి మీద ఆయనకు అక్కరకొచ్చిందీ ఇదే.

మే నెలలో ప్రయాణం

1830 మే 18. వీరాస్వామయ్యకు అప్పటికి యాభై ఏళ్లు. కుటుంబ సభ్యులు, బంధువులు, పల్లకీలు మోసే బోయీలు, పనివాళ్లు అంతా కలిసి సుమారు వంద మంది చెన్నపట్నం నుంచి బయల్దేరారు. రైలు లేదు. మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు నడవడానికి ఇంకా 23 ఏళ్లుంది. దారిలో ఎక్కువ భాగం కాలినడకో, పల్లకీయో.

ఇంకో వారంలో రోహిణి కార్తె మొదలవుతుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. అలాంటి రోజుల్లో వంద మందిని నడిపించడమంటే ఏమిటో మీరే లెక్కేయండి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున తాగడానికే 400 లీటర్ల నీళ్లు కావాలి. వంటకు, స్నానాలకు కావాల్సింది వేరే. బియ్యం, కట్టెలు, రాత్రి తలదాచుకునే చోటు కూడా చూసుకోవాలి. ఒక మజిలీలో బావి ఎండిపోయిందని అక్కడికి చేరాక తెలిస్తే, ఆ రాత్రి వంద మంది గొంతులు ఎండుతాయి. పక్క ఊరికి నడుద్దామన్నా పొద్దంతా పల్లకీ మోసిన బోయీలకు అడుగు పడదు.

అందుకే ఆయన ప్రతి మజిలీలోనూ ఒకే రకం సంగతులు అడిగి తెలుసుకునేవారు. పక్క ఊరు ఎన్ని ఆమడలు? బాట ఇసుకా, రేగడా, రాతిగొట్టా? మధ్యలో వాగులున్నాయా? నీళ్లు బావివా, చెరువువా? అంగళ్లున్నాయా, ఏమేం దొరుకుతాయి? దిగడానికి సత్రమో, చావడో ఉందా? తెలుసుకున్నవన్నీ రాసుకున్నారు. చెన్నపట్నంలో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి ఉత్తరాలుగా పంపారు.

కడప గడ్డ మీద

తిరుపతి దర్శనం అయ్యాక వాళ్ల దారి కరకంబాడి, బాలపల్లె మీదుగా కొండల నడుమకు మళ్లింది. కోడూరు, పుల్లంపేట, నందలూరు, ఒంటిమిట్ట దాటి కడప చేరారు. ఈ పేర్లు మీకు రైల్వే స్టేషన్లుగా పరిచయమే కదా? రైలు రావడానికి ముందు అవి కాలిబాట మజిలీలు. శేషాచలం కొండల అంచున, చెయ్యేటి ఒడ్డున, చెరువుల పక్కన జనం నడిచి నడిచి పడిన దారి అది. నీళ్లు ఎక్కడ దొరికితే మజిలీ అక్కడ. ఆ తర్వాత వచ్చిన రోడ్డూ, రైలూ చాలావరకు ఆ జాడల్నే పట్టుకున్నాయి.

కడప దాటాక నేల మారుతుంది. దువ్వూరు వైపు నల్లరేగడి మొదలవుతుంది. ఎండలో రేగడి నెర్రెలు విచ్చి గట్టిగా ఉంటుంది, నడవొచ్చు. ఒక్క పెద్ద వాన పడిందా, అదే దారి బంకమట్టి అవుతుంది. చెప్పు పెడితే చెప్పు అక్కడే ఉండిపోతుంది. బండి దిగబడితే ఎద్దులు లాగలేవు. దారి అదే, దూరం అదే. మారేది స్థితి ఒక్కటే. జూన్ దగ్గరపడే కొద్దీ ఆ ముప్పు రోజురోజుకూ పెరుగుతుంది. మృగశిర కార్తె వచ్చేలోపు ఎంత దూరం పోగలమన్నది ఆ కాలపు బాటసారులందరి లెక్క.

ఇంకో విషయం కూడా గుర్తుపెట్టుకోండి. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాయి. కడప కంపెనీ జిల్లా అయింది. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు ఏలుబడిలోనే ఉంది. అంటే వీరాస్వామయ్య బృందం కొద్ది రోజుల్లోనే ఒక ప్రభుత్వం నుంచి ఇంకో ప్రభుత్వంలోకి నడిచింది. సుంకాలు మారతాయి. అధికారులు మారతారు. దారి కాపలా మారుతుంది. ఇదీ దారి స్థితిలో భాగమే అని గుర్తించబట్టే ఆయన రాతల్లో పాలన సంగతులు కూడా చేరాయి.

నల్లమల ఎక్కినప్పుడు

అహోబిలం, మహానంది చూసుకుని ఆత్మకూరు చేరాక అసలు పరీక్ష మొదలైంది. శ్రీశైలానికి ఇప్పుడు ఘాట్ రోడ్డుంది. దోర్నాల మీదుగా బస్సెక్కితే కూర్చున్నచోటే కొండెక్కేస్తారు. అప్పుడు దారి ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా. రెడ్డిరాజుల కాలంలో కట్టించిన రాతిమెట్లు ఉన్నా, మెట్ల మధ్య ఉన్నదంతా అడవే. అక్కడి చెంచులకే ఆ అడవి ఆనుపానులు తెలుసు.

నల్లమల ఎండాకాలం చివర్లో ఎలా ఉంటుందో అటువైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. చెట్లు ఆకు రాల్చి నీడ ఉండదు. బండ పొద్దున పది గంటలకే కాలుతుంది. కుంటలు ఒక్కొక్కటే అడుగంటుతాయి. మిగిలిన కొద్ది నీళ్ల దగ్గరికి మనిషీ, మృగమూ ఇద్దరూ రావాల్సిందే. తొలకరి పడితే ఎండ బాధ తగ్గుతుంది కానీ, అరిగిపోయిన మెట్లు నున్నగా జారతాయి. భీముని కొలను లోయలోకి దిగి మళ్లీ ఎక్కే చోట ఒక్క కాలు తప్పినా కష్టమే. జూన్‌లో ఆ దారి పట్టినవాళ్లకు ఈ రెండు కాలాల ఇబ్బందులూ ఒకేసారి ఎదురవుతాయి.

అలాంటి చోట పల్లకీ హోదా పనికిరాదు, డబ్బూ పనికిరాదు. ముందు మజిలీలో నీళ్లున్నాయన్న కబురు పనికొస్తుంది. దారి తెలిసిన మనిషి పనికొస్తాడు. వీరాస్వామయ్య ఈ మజిలీలను కూడా మైదానంలో రాసినంత పద్ధతిగానే రాశారు. కొండదారి వర్ణనతో సరిపెట్టలేదు. శ్రీశైలంలో యాత్రికుల దగ్గర పన్ను రాబట్టుకుంటున్న నవాబు ప్రభుత్వం గుడిని పట్టించుకోని సంగతీ రాశారు. భక్తితో వెళ్లిన మనిషే అయినా కళ్లు మూసుకుని వెళ్లలేదన్నమాట.

ఆ బాట ఇప్పటికీ ఉంది. మహాశివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు, అందులో ఎంతోమంది కన్నడ భక్తులు, నాగలూటి, పెద్దచెరువు మీదుగానే నడిచి మల్లన్న దగ్గరికి వెళ్తారు. ఇప్పుడది నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతించిన రోజుల్లోనే, అనుమతించిన దారిలోనే వెళ్లాలి. ఆ రోజుల్లో దారిపొడవునా నీళ్లు ఏర్పాటు చేస్తారు. మిగతా రోజుల్లో ఆ నీళ్లు ఉండవు. శివరాత్రికి వెళ్లొచ్చిన ధైర్యంతో మే నెలలో స్నేహితులతో కలిసి గుట్టుగా వెళ్దామనుకునే కుర్రాళ్లు ఈ తేడాను గమనించాలి. దారి అదే, కాలం వేరు. కాలం వేరైతే దారి కూడా వేరే.

కృష్ణ దాటి కాశీకి

శ్రీశైలం నుంచి వెనక్కి దిగి, నివృత్తి సంగమం దగ్గర కృష్ణ దాటారు. ఇప్పుడు ఆ చోటును మనం సంగమేశ్వరం అంటున్నాం. శ్రీశైలం జలాశయం నిండితే గుడి మునుగుతుంది, వేసవిలో నీళ్లు తగ్గితే బయటపడుతుంది. దారి స్థితి కాలంతో మారుతుందనడానికి మన సీమలోనే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అక్కడి నుంచి హైదరాబాదు, నాగపూర్ మీదుగా ఉత్తరాదికి వెళ్లారు. ప్రయాగ, కాశీ, గయ చూసుకుని కలకత్తా చేరారు. పూరీ మీదుగా తూర్పుతీరం వెంట దిగి, 1831 సెప్టెంబర్ 3న చెన్నపట్నం తిరిగొచ్చారు. పదిహేను నెలలకు పైగా సాగిన ప్రయాణం. ఇంత కాలం రాత ఆపకపోవడమే ఒక ఘనత. అలసిపోయిన రోజు, చిరాకు పడ్డ రోజు, ఒంట్లో బాగాలేని రోజు ఎవరికైనా ఉంటాయి. మీరు డైరీ మొదలుపెట్టి ఎన్నో రోజున ఆపేశారో ఓసారి గుర్తుచేసుకోండి.

రాసిన భాష కూడా గమనించాల్సిందే. ఆ కాలంలో పండితులు రాయాలంటే పద్యం, లేదంటే గ్రాంథికం. ఈయన రోజూ మాట్లాడుకునే మాటలకు దగ్గరగా, కచేరీ మాటలు, ఉర్దూ మాటలు, ఇంగ్లీషు మాటలు అవసరమైన చోట కలుపుకుంటూ వచనం రాశారు. రేపు ఆ దారిన వెళ్లే మనిషికి అర్థం కావడమే కావాలి. అలంకారాలతో ఆ మనిషికి పనేముంది?

తిరిగొచ్చాక వీరాస్వామయ్య ఎక్కువ కాలం బతకలేదు. 1836లో కన్నుమూశారు. తన పుస్తకాన్ని అచ్చులో చూసుకోలేదు. ఆయన ఉత్తరాలను పోగొట్టకుండా దాచిన శ్రీనివాస పిళ్లై వాటిని చేర్చి, 1838లో అచ్చు వేయించారు. వంద ఏళ్ల తర్వాత, 1941లో, దిగవల్లి వేంకట శివరావు ఎంతో శ్రమపడి వివరాలు జోడించి మళ్లీ తీసుకొచ్చారు. ఇప్పుడు చరిత్ర విద్యార్థులకు ఆనాటి ఊళ్లు, దారులు, ధరలు, పాలన తెలుసుకోవడానికి అదొక ఆకరం. రాసినాయన ఒక్కరే అయినా, ఆ రాత మన దాకా రావడానికి మరో ఇద్దరు పూనుకోవాల్సి వచ్చింది.

మంచు దారికీ ఇదే పాఠం

వీరాస్వామయ్య దారి హిమాలయాల దాకా పోలేదు. మీలో కొందరు మాత్రం వెళ్తున్నారు. కర్నూలు, కడప కాలేజీల నుంచి ఏటా మే, జూన్‌లలో హిమాచల్‌కో, ఉత్తరాఖండ్‌కో ట్రెక్కింగ్‌కు వెళ్లే బృందాలున్నాయి. 40 డిగ్రీల ఎండలో పుట్టి పెరిగిన మనకు వేసవిలో మంచంటే సరదా. కొండకు మాత్రం అది ఇంకా శీతాకాలం వదలని సమయం.

వేసవి మొదట్లో ఎత్తైన కనుమల మీద శీతాకాలపు మంచు మిగిలే ఉంటుంది. ఎండ తక్కువ పడే ఉత్తరపు వాలులో ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది. తెల్లవారుజామున ఆ మంచు గడ్డకట్టి గాజులా జారుతుంది. మధ్యాహ్నానికి మెత్తబడి కాలు తొడ దాకా దిగుతుంది. పొద్దున చీలమండ లోతున్న వాగు, సాయంత్రానికి కరిగిన మంచునీటితో ఉరకలేస్తుంది. అన్నిటికంటే ప్రమాదం మంచు వంతెనలు. పైకి గట్టిగా కనిపిస్తాయి, కింద వాగు తొలిచేసి డొల్లగా ఉంటాయి. అందుకే తెలిసిన గైడ్లు పొద్దున్నే బయల్దేరి, ఎండ ముదరకముందే కనుమ దాటించేస్తారు. బూట్లకు తొడిగే ముళ్ల పట్టీలు, చేతికర్ర ఉంచుకోమంటారు.

ఇవన్నీ ఏ వారానికి ఆ వారం మారిపోతాయి. పోయినేడు అదే తేదీకి స్నేహితుడు తీసిన ఫొటోలో పచ్చగడ్డి ఉందని ఈ ఏడు కూడా ఉంటుందనుకోవద్దు. నిన్న అక్కడి నుంచి దిగొచ్చిన మనిషి మాటే లెక్క. ఆత్మకూరులో ఆగి నాగలూటి దారి అడగడం, మనాలీలో ఆగి కనుమ మీద మంచు సంగతి అడగడం, రెండూ ఒకటే పని. వెనక్కి తిరగాల్సి వస్తే తిరిగి రావడం కూడా ప్రయాణంలో భాగమే. కొండ వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది.

కొండల మీద ఆసక్తి నిజంగా ఉంటే దాన్ని పద్ధతిగా నేర్చుకునే దారులున్నాయి. ఉత్తరకాశిలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ, డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయీ సంస్థ దాదాపు నెల రోజుల బేసిక్ కోర్సులు నడుపుతున్నాయి. మంచు మీద నడక, తాళ్ల వాడకం, పడిపోతుంటే ఆపుకోవడం అక్కడ చేయించి నేర్పిస్తారు. గైడ్, శిక్షకుడు, సహాయ బృంద సభ్యుడు వంటి పనుల వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది తొలి మెట్టు. ఆ పనులన్నిటిలోనూ దారి స్థితిని చూసి, ఉన్నది ఉన్నట్టు పైవాళ్లకు చెప్పగలగడం తప్పనిసరి. కోర్టు దుబాసీ చేసిన పనే, చోటు మారింది.

మీరూ ఐదు లైన్లు రాయండి

వచ్చే ఆదివారం మీరు అహోబిలం కొండకో, లంకమల వైపు నిత్యపూజకోనకో, ఊరి పక్క గుట్టకో వెళ్తారనుకుందాం. అక్కడ సెల్ఫీ దిగండి, తప్పులేదు. దిగొచ్చాక మాత్రం ఐదు లైన్లు రాయండి. ఒకటి, తేదీ. రెండు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతసేపు పట్టింది. మూడు, బాట ఎలా ఉంది, ఎక్కడ జారుతుంది. నాలుగు, నీళ్లు ఎక్కడున్నాయి, ఎక్కడ లేవు. ఐదు, దారి తెలిసినవాళ్లు ఎవరు, ఎవరి అనుమతి కావాలి. కళ్లతో చూసింది, ఎవరో చెప్పగా విన్నది వేర్వేరుగా రాయండి. తేదీ వేయడం మర్చిపోవద్దు. తేదీ లేకపోతే ఆ నీళ్లు ఏ నెలలో ఉన్నాయో చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఆ ఐదు లైన్లు మీ కాలేజీ గ్రూపులో పెట్టండి. మీ వెనక వెళ్లే కుర్రాడో, అమ్మాయో అది చదివి ఇంకో రెండు నీళ్ల బాటిళ్లు బ్యాగులో వేసుకుంటే, మీ రాత పని చేసినట్టే. వీరాస్వామయ్య పదిహేను నెలల పాటు రాసింది కూడా ఇలాంటి లైన్లే.